భ్రమరాంబ బిడ్డలకు నాలుగడుగుల నేల

అభిషేకమున పంచామృతములలో తేనె నర్పించుచున్నాము. వివాహమున వరునకు మధుపర్క మిచ్చుచున్నాము. అయినను పూవులను సేవించు ప్రాణుల క్షేమమును గూర్చి మన కోవెలలలో ఆలోచన తక్కువ. 1987 తరువాత మన ఫిజీనుండి అనేక కుటుంబములు కెనడాకు తరలి, బ్రిటిష్ కొలంబియా మొదలగు చోట్ల స్థిరపడినవి. ఆ బంధువుల నిమిత్తమును, ఇచటి మన నిమిత్తమును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

శ్రీశైలమున మల్లికార్జునస్వామి సన్నిధిని వెలసిన తల్లి భ్రమరాంబ. అరుణాసురుని వధించుటకు జగన్మాత అసంఖ్యాకములగు భ్రమరముల రూపము దాల్చునని దేవీమాహాత్మ్యము తెలుపుచున్నది. భ్రమరమనగా మనకు తుమ్మెద. తేనెటీగ వేఱు, తుమ్మెద వేఱు. కెనడాలో ఈ భేదము నెఱుగుట మిక్కిలి అవసరము.

తేనెటీగ ఆ దేశపు సొంతజీవి కాదు. 17వ శతాబ్దమున ఐరోపావారు దానిని ఉత్తర అమెరికాకు తెచ్చిరి. మన పెద్దలవలెనే అదియు పనికొఱకు ఓడ నెక్కింపబడినది, దానిని నిందింపరాదు. అయితే కెనడాకు సహజములైన ఈగల, తుమ్మెదల జాతులు 800కు పైగా గలవు. అవి మనకు తేనె నీయవు. వానిలో పదింట ఏడు పాళ్ళు నేలలో బొరియలు చేసికొని గ్రుడ్లు పెట్టును. వంగపూవులోను, టమాటా పూవులోను పుప్పొడి సన్నని సంచులలో బిగిసియుండును. తుమ్మెద ఆ పూవును పట్టి, ఝుంకారముతో కదల్చి పుప్పొడిని రాల్చును. తేనెటీగకు ఆ విద్య లేదు.

తుప్పురంగు మచ్చగల యొక తుమ్మెదజాతి దక్షిణ ఒంటారియోలో ఒకప్పుడు విరివిగా కనబడెడిది. 2009లో పినరీ ఉద్యానవనమున అగపడిన పిమ్మట కెనడాలో దాని జాడ దొరకలేదు. 2012లో ప్రభుత్వము దానిని అంతరించు ప్రమాదముగల జాతులలో చేర్చినది. రోగములు, పురుగుమందులు, పూలనేలల నాశనము కారణములని విజ్ఞు లెంచుచున్నారు.

ఒకే పంట నేలను ఎట్లు మార్చునో చెఱకుతోటలలో పుట్టిన మనకు ఒకరు చెప్పనక్కఱలేదు. చెఱకుపూవు గాలివలన ఫలించును. మైళ్ళకొలది చెఱకున్నచోట తుమ్మెదకు విందు లేదు. కత్తిరించిన పచ్చగడ్డియు, తారు పఱచిన ఆవరణయు అట్టివే. కోవెల చుట్టును కార్లకొఱకు తారు పఱచి, మూలను ఒక తేనెపెట్టె నుంచినంతమాత్రమున తుమ్మెదలకు మేలు కలుగదు. ఆ పెట్టెలోని వేలకొలది ఈగలు ఉన్న కొద్ది పూవులకే పోటీపడును.

కావున ఆ నేలకు పుట్టిన మొక్కలను నాటవలెను. తులసి అచటి మంచునకు తాళలేక ఇంటిలోనికి చేరును. ఆ మొక్కలు బయటనే చలిని భరించును. పడమటి తీరమున వసంతకాలమునకు ఎఱ్ఱపూల కరెంటు, ఆరిగన్ గ్రేప్ పొదలు, శరత్తునకు డగ్లస్ ఆస్టర్ తగినవి. ఒంటారియోలో మిల్క్‌వీడ్, గోల్డెన్‌రాడ్ మేలైనవి. గోల్డెన్‌రాడ్ తుమ్ములు తెచ్చునని కొందఱందురు. ఆ దోషము అదే కాలమున పూచు రాగ్‌వీడ్‌ది. వాంకూవర్ దీవిలో కోస్ట్ సేలిష్ ప్రజలు కామస్ దుంపల బయళ్ళను తరతరములుగా పోషించిరి. అట్టి ఆదివాసుల నడిగి నేర్చుకొనుట మర్యాద.

ముంగిలి ఊడ్చుట మన ఆచారమే. కాని ఒక మూలనైనను ఊడ్వక విడువుడు. ఎండిన కాడలను వసంతమువఱకు కోయకుడు. రాణితుమ్మెద మంటిలో నిద్రించి చలికాలము గడపును. ఆ చోట పాఱ వేయకుడు, మందు చల్లకుడు. ఒక్కొక్క మొక్కను ఒక్కొక్క బాలునకో బాలికకో అప్పగింపుడు. 2016లో టొరంటో కెనడాలో మొదటి “బీ సిటీ” అయినది; నగరము చేయగలిగినది కోవెల చేయలేదా?

భాగవతము 11వ స్కంధమున అవధూత తుమ్మెదను తన గురువులలో నొకటిగా చెప్పెను. అది పూవును నొప్పింపక కొంచెము కొంచెముగా గ్రహించును. ఆ గురువునకు మనము దక్షిణ చెల్లింపలేదు. ఇచటను అచటను, ప్రతి కోవెలయందును, నాలుగడుగుల నేలను అందుకై విడిచిపెట్టుదము.