మంచు కింద వాలై చేప జాడ

ఎండిన చెరువులో చేప ఎక్కడున్నదో చిన్నపిల్లవాడైనా చెప్తాడు. నీళ్లు నిండుగా ఉన్నా సరే, మన పల్లెల్లో గాలం వేసే పెద్దలు గట్టున నిలబడి, "అదిగో, ఆ తూము దగ్గర వెయ్యి, ఆ తుంగ మొదట్లో వెయ్యి" అని చూపిస్తారు. నీటి రంగు, లేచే బుడగ, కొంగ నిలబడిన చోటు, ఇవన్నీ వారికి గుర్తులు. అయితే ఆ చెరువు మీద రెండడుగుల మందాన ఐసు పరచి, దానిపై మోకాలెత్తున మంచు కప్పి, "ఇప్పుడు చెప్పండి" అంటే ఏమి చెప్తారు? బుడగ లేదు, అల లేదు, కొంగ అసలే లేదు. కనుచూపు మేర తెల్లని బయలు.

అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో ప్రతి శీతాకాలమూ వేలాదిమంది ఈ ప్రశ్నతోనే ఇల్లు కదులుతారు. 10 ఎకరాలు, అంతకు మించిన సరస్సులే అక్కడ 11,842 ఉన్నాయి. మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల చుట్టుప్రక్కల మా వంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మొదటి ఏడు చలికి జడిసి ఇంట్లో కూర్చున్నవారే రెండవ ఏడు ఇరుగుపొరుగువారి వెంట సరస్సు మీదికి నడుస్తారు. "మావాడు గడ్డకట్టిన చెరువు మీద కూర్చుని చేపలు పడుతున్నాడట, ఇదేమి పని!" అని ఇక్కడ కంగారుపడే తల్లిదండ్రుల కొరకు కూడా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అందరూ వెదికేది వాలై అనే చేపను. 1965లో చట్టం చేసి మరీ దానిని రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నారు. ఒళ్లు పసుపు కలిసిన ఆకుపచ్చ, పొట్ట తెలుపు, నోట్లో సూదుల వంటి పళ్లు. కన్ను మాత్రం పువ్వు పడిన కన్నులా తెల్లగా, మసకగా కనిపిస్తుంది. దాని పేరు ఆ కన్నును బట్టి వచ్చినదే. కాని అది గుడ్డిది కాదు సుమా! రాత్రివేళ లాంతరు వెలుగు పడితే పశువుల కండ్లు మెరుస్తాయి గదా, ఆ మెరుపునిచ్చే పొర వంటిది దీని కంటి వెనుకా ఉన్నది. లోపలికి వచ్చిన వెలుతురును ఆ పొర వెనుకకు త్రిప్పి, కంటికి రెండవసారి అందిస్తుంది. అందువలన మునిమాపువేళ, తాను తినే చిన్న చేపలకు కండ్లు కనబడని సమయంలో, వాలైకి బాగా కనబడుతుంది. వేటకు అది బయలుదేరేది అప్పుడే. పగలంతా లోతున మసకలో పడి ఉండి, ప్రొద్దు వాలగానే మెరకకు ఎక్కి వస్తుంది. మరల తెల్లవారుజామున ఒక విడత.

గనుక మంచి చోటు అంటే చేప నివాసముండే చోటు అని మేము అనుకోము. అది నడిచే దారి, ఆ దారిన అది వచ్చే గంట, ఈ రెండూ కలిసినదే మంచి చోటు. మధ్యాహ్నం ఒక్క చేపా తగలని రంధ్రంలోనే సాయంత్రం నాలుగున్నరకు బెండు గుటుక్కున మునిగిపోతుంది. డిసెంబరులో అక్కడ అప్పటికే ప్రొద్దు క్రుంకిపోతుంది మరి.

ఆ దారి కనిపెట్టడానికి ముందు మంచు క్రింద నీరు ఎట్లున్నదో తెలియాలి. వేసవిలో మన చెరువుల్లో పైనీరు వేడి, అడుగునీరు చల్లన. అక్కడ శీతాకాలంలో ఇది తారుమారు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటె బరువుగా ఉంటుంది. ఆ నీరు అడుగుకు దిగుతుంది. అంతకన్నా చల్లనిది తేలికై పైకి తేలి గడ్డకడుతుంది. కాబట్టి బయట సున్నాకు ముప్పది డిగ్రీలు క్రిందికి దిగినా, సరస్సు అడుగున చేపకు కాస్త వెచ్చగానే ఉంటుంది. వాలై అడుగునే అంటిపెట్టుకొని తిరగడానికి ఇదొక కారణం. ఎర కూడా నేలకు జానెడు ఎత్తులోనే ఆడాలి.

ఇంటి దగ్గరే చేయవలసిన పని ఒకటున్నది. రాష్ట్ర సహజ వనరుల శాఖవారు చాలా సరస్సులకు లోతు చూపే పటాలు వేసి అందరికీ అందుబాటులో పెట్టారు. ఆ పటంలో గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట నేల ఒక్కసారిగా దిగుతుంది. ఎడమెడంగా ఉంటే బల్లపరుపు. నీటిలోకి కొమ్ములా పొడుచుకొని వచ్చిన నేల, దాని ప్రక్కనే దిగుడు, ఆ దిగుడు క్రింద లోతైన గుంట, ఈ మూడూ ఒకచోట ఉంటే అక్కడ వేలు పెట్టవచ్చు. లోతునుండి మెరకకు ఎక్కే చేపకు అది మెట్లదారి వంటిది. ఆ మెరకమీద పచ్చగా నిలిచిన నీటిమొక్కలు ఉంటే మరీ మంచిది, వాటి నడుమ పెర్చ్ అనే చిన్నచేపలు దాగి ఉంటాయి. డిసెంబరులో, ఐసు క్రొత్తగా కట్టిన రోజుల్లో, ఇట్లాంటి ఒడ్డు ప్రక్కన 8 నుండి 15 అడుగుల లోతులోనే వాలై దొరుకుతుంది.

జనవరి వచ్చేసరికి కథ మారుతుంది. మంచు కప్పు దళసరై వెలుతురు లోనికి దిగదు. నీటిమొక్కలు చచ్చి కుళ్లుతాయి. ఆ కుళ్లు నీటిలోని ప్రాణవాయువును తినివేస్తుంది. చిన్నచేపలు అక్కడినుండి లేచిపోతాయి, వాటి వెనుకే వాలై. ఇప్పుడు సరస్సు నడుమ ఉన్న దిబ్బలను వెదకాలి. మిల్ లాక్స్ సరస్సు సంగతి చూడండి. అది సుమారు 1,32,000 ఎకరాలు. అయినా ఎంత లోతని చూసినా 42 అడుగులే. దాని ఉత్తర భాగంలో, 30 అడుగులు పైబడిన లోతు నడుమ, బురద మెరకలు అరుగుల్లా లేచి ఉంటాయి. పైకి చూస్తే ఒట్టి బురద. కాని ఆ బురదలో పురుగుల పిల్లలు కోట్లు. వాటికోసం పెర్చ్, పెర్చ్ కోసం వాలై. ఆ అరుగుల అంచున రంధ్రం పడాలని అక్కడివారు ఎంత తాపత్రయపడతారో చెప్పలేము. అడుగున బురదా, గులకరాయా అని తెలిసికొనడానికి సీసపు గుండు చాలు. రాతి మీద పడితే దారంలో టక్కుమని చేతికి తెలుస్తుంది. బురదలో పడితే మెత్తగా దిగబడి, లాగితే పట్టుకొంటుంది. రాయి ముగిసి బురద మొదలయ్యే గీత మీద చేపలు తిరుగుతాయి.

నీటి తేటదనం కూడా చూడాలి. రెడ్ లేక్, లేక్ ఆఫ్ ది వుడ్స్ నీరు డికాషన్ రంగులో ఉంటుంది గనుక పగలు కూడా అడుగున మసకే. నట్టనడి పగలు వాలై ఎర పట్టుకొంటుంది. తేటనీటి సరస్సులో అట్లా కాదు, ప్రొద్దు వాలేదాకా ఓపిక పట్టవలసిందే. మిల్ లాక్స్‌లో 2005లో జీబ్రా మసెల్ అనే పరాయి ఆలుచిప్ప కనబడింది. అది నీటిని వడకట్టి తేటపరుస్తుంది, దానితో చేప పద్ధతీ మారుతుంది. పదేండ్ల క్రిందటి చోటు ఇప్పుడూ చోటే అని నమ్మి పోరాదు.

ఇక సరస్సు మీదికి. ఒక్క రంధ్రం చేసి సాయంత్రందాకా దానికే కాపలా కాచేవారిని చూస్తే మాకు జాలి. మెరకనుండి లోతుకు వరుసగా పది పదిహేను రంధ్రాలు బర్మాతో తొలిచిపెట్టుకోవాలి. ఈ పని మధ్యాహ్నమే కానివ్వాలి, ఎందుకంటే బర్మా చప్పుడుకు మెరకలోని చేప బెదురుతుంది. శబ్దాన్ని అడుగుకు పంపి లోతునూ చేపనూ చూపే యంత్రాలు ఇప్పుడు చాలామంది దగ్గర ఉన్నాయి. ఐసు అద్దంలా తేటగా ఉంటే దానిమీద కాసిని నీళ్లు పోసి యంత్రపు కొనను ఆనించి, తొలవకుండానే లోతు చూడవచ్చు. ఒకచోట కూర్చోవద్దు, చేప ఉన్నచోటికి మీరే కదలండి అని 1980లనుండి పాఠం చెప్తూ వచ్చిన డేవ్ జెంజ్‌ను అక్కడివారు ఈనాటి మంచు వేటకు తండ్రి అంటారు. మడిచి లాగుకొనిపోయే గుడారపు బండిని తయారుచేసినది ఆయనే. మిన్నెసోటాలో చలికాలం మనిషికి రెండు దారాలు చట్టం ఒప్పుకొంటుంది. ఒకదానికి పరిగె పిల్లంత బ్రతికిన చేపను గ్రుచ్చి బెండు కట్టి వదిలి, రెండవదానికి మెరిసే లోహపు ఎర కట్టి చేత్తో ఆడించడం వాడుక.

వందల గుడిసెలు ఊరిలా వెలిసిన చోటు చూచి చాలామంది అక్కడికే పోతారు. గుంపు చూపేది పోయిన వారం చేప ఉన్న చోటును. బండ్ల రొదకు అది ఈపాటికి తప్పుకొని ఉండవచ్చు. అంతకంటె ముఖ్యం, వందమంది ఉన్నారు గనుక ఐసు గట్టిదే అనే ధైర్యం ఒట్టి భ్రమ. 2022 నవంబరు 28న అప్పర్ రెడ్ లేక్ మీద గాలికి ఐసు పగిలి, సుమారు 200 మంది ఉన్న పలక ఒడ్డునుండి విడిపోయి తేలిపోయింది. మరుసటి ఏడు, 2023 డిసెంబరు 29న, అదే సరస్సులో మరల 100 మందికి పైగా అట్లాగే చిక్కుకున్నారు. రెండుసార్లూ సహాయక దళాలవారు అందరినీ ఒడ్డు చేర్చారు. 2009 ఫిబ్రవరిలో ఈరీ సరస్సు మీద 130 మందికి పైగా చిక్కుకొన్నప్పుడు మాత్రం ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు.

ఇక్కడే చిక్కున్నది. వాలై విరివిగా దొరికే కాలాలు రెండు: ఐసు క్రొత్తగా కట్టినప్పుడు, అది కరగబోయేముందు. ఐసు నమ్మరానిది కూడా ఆ రెండు కాలాల్లోనే. చలికాలం చివర చేప గ్రుడ్లు పెట్టడానికి సిద్ధమై, వాగులు సరస్సులో కలిసే చోట్లకు చేరుతుంది. పారే నీటి మీద ఐసు పలచన. చేపకు మంచి చోటూ మనిషికి చెడ్డ చోటూ అప్పుడు ఒకటే అయి కూర్చుంటాయి. అట్లాంటిచోట మేము చేపను వదులుకొంటాము. వాగు నోటికి దూరంగా, అక్కడికి పోయే దారిలో ఉన్న దిగుడు మీద రంధ్రం తొలుచుకొంటాము. నాలుగు చేపలు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

నడిచేవారికి తేటయైన క్రొత్త ఐసు కనీసం 4 అంగుళాలు ఉండాలని రాష్ట్రంవారి హెచ్చరిక. పాలలా తెల్లబడిన ఐసుకు బలం సగమే, కనుక రెండింతల మందం కావాలి. చేతిలో గునపం పట్టుకొని, అడుగడుగునా పొడిచి చూసికొంటూ నడవాలి. మంచు క్రింద దాగిన ఐసు గట్టిపడదు, పైమంచు దుప్పటిలా వెచ్చదనం నిలుపుతుంది గనుక. మెడలో రెండు ఇనుప మొనల పిడులు, కోటుపై నీట తేల్చే జాకెట్టు ఉండవలసిందే. పడితే ఏమవుతుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు 1-10-1 అని లెక్క కట్టి చెప్పాడు. ఎగశ్వాస అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు మాట వినేది 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి 1 గంట. కనుక పడగానే కేకలు వేసి అలసిపోక, ముందు ఊపిరి నిలుపుకోవాలి. వచ్చిన దిక్కుకే తిరిగి, అంచున మొనలు గ్రుచ్చి, కాళ్లతో తన్నుకొంటూ పొట్టమీద పైకి ప్రాకాలి. లేచి నిలబడకుండా దొర్లుకొంటూ దూరం రావాలి. గుడారంలో గ్యాసు కుంపటి పెట్టుకొనేవారు గాలికి సందు విడవాలి. ఆ విషవాయువుకు వాసన లేదు.

మంచి చోటు దొరికిందని ఉన్నదంతా ఊడ్చుకొనిపోతే ఏమగునో రెడ్ లేక్ చూచింది. ఆ జంట సరస్సులో ఎక్కువ భాగం ఒజిబ్వే ప్రజలది. అప్పర్ రెడ్ లేక్ తూర్పున సుమారు 48,000 ఎకరాలు మాత్రమే రాష్ట్రపు పాలు. మితిమీరిన వేటతో 1990ల నడుమకు అక్కడ వాలై దాదాపు తుడిచిపెట్టుకొని పోయింది. 1997లో ఒజిబ్వేవారు తమ వ్యాపార వేటను తామే ఆపుకొన్నారు, 1999లో రాష్ట్రమూ తన వైపు మూసివేసింది. 1999, 2001, 2003 సంవత్సరాల్లో కోట్లకొద్దీ చేపపిల్లలను వదిలారు. ఆ చేప పెరిగి, గ్రుడ్లు పెట్టి, నిండిన తరువాతే 2006లో గాలాలకు తలుపు తెరిచారు. ఇప్పుడు ఏ సరస్సులో ఎన్ని, ఎంత పొడవు చేపలు ఉంచుకోవచ్చో ఏటేటా ప్రకటిస్తారు. పెద్ద ఆడచేపను విడిచిపెట్టాలనుకొనేవారు 30 అడుగులు దాటిన లోతులో గాలం వేయకపోవడం మేలు. అంత లోతునుండి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా అది బ్రతకడం కష్టం.

వాలై మాంసం తెల్లన, ముళ్లు తక్కువ, వాసన దాదాపు లేదు. మెత్తని చేప కావడంతో పులుసులో వేస్తే ముక్క విడిపోతుంది. అల్లం, కారం, కొంచెం బియ్యపుపిండి పట్టించి పెనం మీద వేయించడమే మా ఇంటి పద్ధతి.