ఓడెక్కే కాళ్ళకి ఏ జోడు?

మీ అమ్మాయో అబ్బాయో అమెరికాలో ఉన్నారా? అయితే ఏదో ఒక రోజు మీకూ ఆ ఫోను వస్తుంది. "అమ్మా, ఈసారి నువ్వూ నాన్నా వచ్చినప్పుడు సియాటిల్‌లో ఓడెక్కి అలాస్కా చూసొద్దాం. ఏడు రాత్రులు. టిక్కెట్లు కూడా తీసేశాను" అని. ఇక చూడండి మన హడావుడి! ఆవకాయ సీసాకి మూత బిగించడం, పెట్టె తూకం వేయడం, స్వెట్టర్లు ఎండలో వేయడం, పట్టుచీర ఒకటా రెండా అని తర్జనభర్జన. కాళ్ళకేం వేసుకోవాలన్న సంగతి మాత్రం బయల్దేరే ముందురోజు సాయంత్రం గుర్తొస్తుంది.

మా ఈపురుపాలెంలో నాకు పిన్ని వరసయ్యే ఒకావిడకి అచ్చం ఇలాగే జరిగింది. మగ్గం ఉన్న ఇల్లు. కాళ్ళతో తొక్కుతూ ముప్ఫై ఏళ్ళు నేసిన మనిషి. ఇంట్లో వట్టికాళ్ళు, బయటికెళ్తే హవాయి చెప్పులు, అంతే. ముందురోజు సాయంత్రం ఒక షాపులో మూసిన బూట్లు కొన్నారు. బిగుతుగా ఉన్నాయంటే, "వాడగా వాడగా సాగుతాయండీ" అన్నాడట అమ్మే అబ్బాయి. సాగలేదు. ఆవిడకి పదేళ్ళుగా షుగరు. జూనో అనే ఊళ్ళో దిగి, మెండెన్‌హాల్ మంచునది చూసి, పక్కనున్న జలపాతం దాకా నడిచారు. రానూపోనూ మూడు కిలోమీటర్ల పైచిలుకు. కష్టమైన దారి కాదు. నొప్పి కూడా తెలియలేదట. రాత్రి సాక్సు విప్పితే చిటికెనవేలి దగ్గర రక్తం. ఓడలో డాక్టరు చూసి, ఇక నడవద్దన్నాడు. మర్నాడు స్కాగ్వేలో కొండెక్కే చిన్న రైలు పోయింది, ఆ మర్నాడు డెక్కు మీద నిలబడి మంచుకొండ ముక్కలుగా విరిగి నీళ్ళలో పడటం చూసే భాగ్యమూ పోయింది. గదిలో మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూసొచ్చారు. ఊరొచ్చాక ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. "నా సంగతి రాయవే, ఇంకొకళ్ళకి ఇలా కాకూడదు" అని ఆవిడే అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

"ఓడలో నడిచేదేముంది, కూర్చోవడమేగా" అనుకుంటాం. ఆ ఓడలు మన పాపికొండల లాంచీల్లాంటివి కావండీ. పది పన్నెండు అంతస్తుల మేడ నీళ్ళ మీద తేలుతున్నట్టుంటుంది. గదినుంచి భోజనాల హాలుకి వెళ్ళి రావడమే చిన్న నడక. లోపలంతా తివాచీ, వెచ్చదనం. తలుపు తోసుకుని పైకొస్తే తుంపర పడ్డ నేల, ఈదురుగాలి, కాళ్ళకింద చిన్న ఊపు. ఈ ప్రయాణాలు ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు దాకా ఉంటాయి. అంటే అక్కడిది ఎండాకాలమే. కానీ ఆ ఎండాకాలంలో పగలు 12 నుంచి 18 డిగ్రీలు. మంచుకొండ ఎదుట ఓడ ఆగినప్పుడు ఇంకా చలి. సంక్రాంతి తెల్లవారుజామున 18 డిగ్రీలకే దుప్పటి వదలం కదా మనం!

ఇక వాన. కెచికాన్ అనే రేవులో ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. మన బాపట్ల వైపు వెయ్యికి అటూ ఇటూ. ఆ ఊళ్ళో పేరున్న క్రీక్ వీధి ఏటిమీద గుంజలు పాతి వేసిన చెక్కబాట. స్కాగ్వేలోనూ దుకాణాల ముందు చెక్కబాటలే. తడిసిన చెక్క ఎంత జారుతుందో, నూతి గట్టు మీద పాచి తొక్కిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ హవాయి చెప్పుతో నడిస్తే చెప్పు ఒకవైపు, మనం ఒకవైపు. ఈ వయసులో తుంటి విరిగితే ఏమవుతుందో మీకు తెలుసు.

కనుక కావలసింది కాలిని పట్టి ఉంచే జోడు. చీలమండ కిందిదాకా ఉండి, లేసులతో కట్టుకునే నడక బూట్లు, నీరు లోపలికి రానివి. మోకాళ్ళదాకా వచ్చే పెద్ద బూట్లు కొని పెట్టె నింపుకోకండి. ఒకవేళ హెలికాప్టరులో మంచు మీద దింపే యాత్రకి వెళ్తే, మన బూట్ల మీద తొడుక్కునేవి వాళ్ళే ఇస్తారు. కింద అట్ట రబ్బరుదై, లోతైన గాళ్ళు ఉండాలి. బూటుని రెండు చేతులా పట్టుకుని వంచితే వేళ్ళ దగ్గర వంగాలి గానీ నడిమధ్యలో మడతపడకూడదు. ఇంటికి తెచ్చాక బచ్చలపండ మీద చెంబుడు నీళ్ళు పోసి, ఎవరి చెయ్యయినా పట్టుకుని నిలబడి చూడండి. అక్కడ జారితే ఓడలోనూ జారుతుంది, వెంటనే మార్చేసుకోండి.

గదిలోకి మీ రబ్బరు చెప్పులు మీవే. పెద్ద భోజనాల హాలుకి మాత్రం వాటితో రానివ్వని ఓడలు చాలా ఉన్నాయి కాబట్టి, మడమ ఎత్తులేని మూసిన చెప్పులు ఒక జత. అంతకుమించి మోయకండి.

"చీరమీద బూట్లా!" అంటున్నారు కదూ? నేనూ అన్నాను. పిన్ని ఫోటో చూసి మొదట నవ్వింది కూడా నేనే. ఇప్పుడు పట్టుచీర కింద బూట్లేసుకుని పెళ్ళిపీటల దాకా నడిచొస్తున్న అమ్మాయిల్ని చూస్తున్నాం. మనకేం సిగ్గు? చీరని మామూలుకంటే నాలుగు వేళ్ళు పైకి కట్టండి. మన చీరాల నూలుచీర ఎంత ఇష్టమైనా వానరేవులో దిగే రోజు వద్దు. అంచు తడిస్తే మోకాలిదాకా నీళ్ళు పీలుస్తుంది, చల్లగా కాళ్ళకి చుట్టుకుంటుంది. తేలిగ్గా ఆరే సింథటిక్ చీర, లోపల వెచ్చటి లెగ్గింగు ఉంటే చాలు. చుడీదారు అలవాటున్న వాళ్ళకి ఈ బాధే లేదు.

మెట్టెల సంగతి ఏ షాపువాడూ చెప్పడు. మూసిన బూటులో మెట్టె పక్కవేలిని గంటల తరబడి నొక్కుతుంది. విమానంలో కాళ్ళు వాచాక తీద్దామంటే రాదు. తీయడానికి మనసొప్పని వాళ్ళు సన్నటి చుట్టు మెట్టెలకి మార్చుకుని, వాటితోనే బూటు వేసి చూడండి. వేలు ఎర్రబడితే మాత్రం తీసి పర్సులో పెట్టుకోవలసిందే. పుణ్యం ఎక్కడికీ పోదు. పట్టీలైతే ఇంట్లో వదిలి వెళ్ళడమే మంచిది, సాక్సు అంచుకింద ఒరుసుకుంటాయి.

కొలత విషయం కాస్త వివరంగా చెప్పాలి. జన్మంతా తెరిచిన చెప్పులేసుకున్న మన కాలి వేళ్ళు విచ్చుకుని ఉంటాయి. ఆడవాళ్ళకని కుట్టిన బూట్లు ముందు సన్నగా ఉంటాయి. పొడుగు సరిపోయి వెడల్పు పట్టేస్తే పెద్ద సైజు అడక్కండి, మడమ వెనక జారి బొబ్బ లేస్తుంది. వెడల్పుది అడగండి, లేదా మొహమాటపడకుండా మగవాళ్ళ వరసలో చూడండి. కొనేది సాయంత్రం పూటే. అప్పటికి కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. ఓడలో వేసుకోబోయే సాక్సులే తొడుక్కుని, రెండు కాళ్ళకీ వేసుకుని నిలబడండి. అన్నిటికంటే పొడుగు వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఆ వేలు బొటనవేలే అవ్వాలని లేదు, చాలామందికి రెండోదే పొడుగు.

అమ్మాయి అక్కడే కొని ఉంచుతానంటే సైజు నంబరు దగ్గర తికమక వస్తుంది. మన దగ్గర 5 అన్నది అక్కడ ఆడవాళ్ళ సైజుల్లో దాదాపు 7. నంబరుకంటే కాగితం నమ్మకం. సాయంత్రం తెల్లకాగితం మీద నిలబడి పెన్సిలుతో కాలి చుట్టూ గీయించుకోండి. రెండు కాళ్ళవీ. పొడుగూ వెడల్పూ సెంటీమీటర్లలో రాసి వాట్సాప్‌లో పంపండి.

అయితే నా మాట వింటే ఇక్కడే కొనండి. ఎందుకంటే అలవాటు చేసుకోవాలి. ప్రయాణానికి రెండు నెలల ముందు మొదలుపెట్టి, మొదటి వారం ఇంట్లోనే రోజూ ఒక గంట, తర్వాత బజారుదాకా, ఆ తర్వాత రైల్వే స్టేషనుదాకా. మా పిన్నయితే రెండోసారి వెళ్ళేముందు తెల్లారగట్ట స్ట్రెయిట్ కట్ గట్టు మీద బూట్లతో నడిచారు. ఒకరోజు వానలోనూ నడిచారు, నీళ్ళు పోతాయా లేదా అని. చూసినవాళ్ళు నవ్వలేదా అంటే నవ్వారు.

సాక్సులు నూలువి వద్దు. తడిస్తే తడిగానే ఉంటాయి. ఉన్ని కలిసినవి నాలుగు జతలు చాలు. బూటు లోపల తడిస్తే వార్తాపత్రిక ఉండలు చుట్టి కుక్కండి, రెండు మూడు గంటలకోసారి మార్చండి. హీటరు దగ్గర పెడితే అడుగున అంటించినది ఊడొస్తుంది.

షుగరున్న వాళ్ళకి ఒక్కమాట. స్పర్శ తగ్గిన కాలికి బూటు కరిచిన సంగతి తెలియదు, అదే ప్రమాదం. వెళ్ళేముందు మీ డాక్టరుకి కాళ్ళు చూపించుకోండి. కొన్న బూట్లు కూడా తీసుకెళ్ళి చూపించండి. రోజూ రాత్రి అరికాళ్ళూ వేళ్ళ సందులూ చూసుకోండి, వంగలేకపోతే అద్దం నేలమీద పెట్టి చూడండి. గదిలో తివాచీ మెత్తగా ఉంది కదా అని వట్టికాళ్ళతో తిరగొద్దు. ఇంట్లో మీరు వాడే ఎం.సి.ఆర్. చెప్పులు పెట్టెలో వేసుకోండి. చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నాయని వేణ్ణీళ్ళలో పెట్టకండి, కాలినా తెలియదు. ఉన్ని మేజోళ్ళు వేసుకుని దుప్పటి కప్పుకోవడమే క్షేమం.

"ఇంత డబ్బుపోసి కొని, తిరిగొచ్చాక అటకెక్కించడమేగా" అని మీ వారు అంటారు. ఎందుకెక్కిస్తాం? కార్తీకంలో పాపికొండల లాంచీ ఎక్కేది ఈ బూట్లతోనే. ఒడ్డునుంచి లాంచీకి వేసిన బల్ల మీద, పేరంటపల్లిలో దిగాక ఇసుకా గులకరాళ్ళ మీద ఇవే చక్కగా పట్టు ఇస్తాయి. శివాలయం దగ్గర బూట్లు విప్పినప్పుడు సాక్సులు మాత్రం బూట్లలో కుక్కకండి, సంచీలో వేసుకోండి. పొద్దుటి మంచుకి తడిసిపోయాయంటే తిరుగు ప్రయాణమంతా చల్లటి కాళ్ళతోనే.