ద్వీపవాసుల పాత ఇండ్లు: పునరుద్ధరణ వ్యయం, ఋణ ప్రణాళిక

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు అన్నారు. కట్టిన ఇంటిని నిలుపుకొనుట ఎంత ఖర్చుతో కూడిన పనియో మాత్రం ఆ సామెతలో లేదు. పాత ఇంటిని బాగుచేయించుకొనుట కొత్త ఇల్లు కట్టుటకంటె ఎల్లప్పుడూ చవుక అని సామాన్యంగా భావిస్తారు. ప్రధాన భూభాగంలో ఇది చాలవరకు నిజమే కావచ్చును. చుట్టూ ఉప్పునీరు, ఏటా ఎనిమిది నెలల వర్షం, భూకంప భయం గల అండమాన్ నికోబార్ దీవులలో మాత్రం ఈ అభిప్రాయాన్ని లెక్క వేసి చూడక అంగీకరించరాదు.

ఈ దీవులలో మన తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభా సుమారు 3 లక్షల 80 వేలు కాగా, అందులో 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుండి చేపల వేటకు, కూలిపనులకు, ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో అధికం. మొదటి తరంవారు కట్టుకొన్న ఇండ్లు నేడు రెండవ, మూడవ తరం చేతికి వచ్చాయి. కొయ్య స్తంభాలు, పలకల గోడలు, జింకు రేకుల కప్పు, ఆ తరువాత చేర్చిన ఒకటి రెండు శ్లాబు గదులు: ఇదీ ఆ ఇండ్ల సాధారణ స్వరూపం. అట్టి ఇంటిని బాగుచేయుటకు అప్పు కోరే ముందు యజమాని ఆలోచించవలసిన విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ఖర్చు ఎందుకు పెరుగుతుంది?

సిమెంటు, ఇనుము, రేకులు, రంగులు, విద్యుత్ సామగ్రి దాదాపు అన్నియు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవులనుండి ఓడలలో రావలసినవే. ఈ రేవులు దీవుల రాజధానికి ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. (2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది.) వస్తువు అసలు ధరపై రేవు వరకు లారీ బాడుగ, ఓడ బాడుగ, ఎగుమతి దిగుమతి కూలి చేరుతాయి. డిగ్లిపూర్, కార్ నికోబార్, కాంప్‌బెల్ బే వంటి దూర ప్రాంతాలకు మరల మరొక ప్రయాణం తప్పదు.

ఇవన్నీ రసీదులలో కనిపించే ఖర్చులు. రసీదులో కనిపించనిది తరుగు. తేమ గాలిలో సిమెంటు త్వరగా గడ్డకడుతుంది. ఒక గృహస్థు 100 బస్తాలు తెప్పించగా 8 బస్తాలు వాడకముందే పాడయ్యాయని అనుకొందాము. అప్పుడు ఆ 8 బస్తాల ధర మిగిలిన 92 బస్తాలపై పడుతుంది. అనగా ఒక్కొక్క బస్తా ఖరీదు దాదాపు 9 శాతం పెరిగినట్లే. కావున సామగ్రిని ఒకేసారి కొని నిలువచేయుట కంటె పని దశలను బట్టి తెప్పించుకొనుట మేలు. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్షింపక వాడరాదు.

ఇక స్థానిక వనరుల సంగతి. దీవుల విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు కాగా అందులో పదింట ఎనిమిది వంతులకు పైగా అటవీ భూమిగా నమోదైనదే. ఒకప్పుడు ఇక్కడ కొయ్యకు కొదువ లేదు. 1883లో నెలకొల్పిన చాథమ్ కోత మిల్లు అందుకు సాక్ష్యం. 2002 మే నెలలో సుప్రీం కోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో చెట్ల నరికివేతపై కట్టుదిట్టమైన ఆంక్షలు వచ్చాయి. సముద్రతీరపు ఇసుక తవ్వకాన్ని క్రమంగా తగ్గించవలెనని కూడ ఆ ఉత్తర్వులు నిర్దేశించాయి. పూర్వపు తరంవారు చవుకగా పొందిన కలప, ఇసుక నేడు ఖరీదైన వస్తువులయ్యాయి.

దీనివలన పాత ఇంటి యజమానికి ఒక లాభం కూడ ఉన్నది. పాత తలుపులు, ద్వారబంధాలు, దూలాలు పడౌక్ వంటి మేలుజాతి కొయ్యతో చేసినవైతే, అవి ఇంటిలోని ఆస్తియే. పాత సామాను తీసుకొనిపోయి కూలి తగ్గిస్తామని కాంట్రాక్టరు చెప్పినపుడు వెంటనే ఒప్పుకొనరాదు. అనుభవజ్ఞుడైన వడ్రంగిచేత ప్రతి కొయ్యను పరీక్షింపజేసి, చెదలు పట్టని భాగాన్ని కోసి తిరిగి వాడుకొనవలెను. దాని విలువను అంచనా పత్రంలో చూపవలెను.

మొదటి ప్రశ్న: బాగుచేయుటా, తిరిగి కట్టుటా?

రంగులు, గచ్చు మాట ఎత్తక ముందే ఇంటి స్థలాన్ని, పునాదిని, భారం మోసే స్తంభాలను, గోడలను పరిశీలించవలెను. 2004 డిసెంబరు 26న సంభవించిన మహా భూకంపం, సునామీల తరువాత దీవుల భూమట్టమే మారింది. దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు మేర క్రుంగగా, సిప్పీఘాట్ పరిసరాలలోని పొలాలు ఉప్పునీటి పాలైనవి. ఉత్తర అండమాన్‌లో కొన్నిచోట్ల నేల పైకి లేచింది. కావున తాతగారి కాలంలో సురక్షితమైన స్థలం నేడు కూడ సురక్షితమని భావించరాదు. పెద్ద పోటు సమయంలో నీరు పెరటిలోకి వస్తున్నదా, వానాకాలంలో పునాది చుట్టూ ఎన్ని రోజులు నీరు నిలుస్తున్నది అన్నది గమనించవలెను. నీరు చేరే స్థలంలో ఎంత ఖర్చుచేసి బాగుచేసినను ఆ ధనం ఉప్పునీటిలో పోసినట్లే.

స్థలం సరియైనదైతే తరువాత చూడవలసినవి మూడు. పునాది ఒకవైపు క్రుంగినదా? గోడలు మూలలవద్ద విడిపోయినవా? ముఖ్య స్తంభాల అడుగుభాగాన్ని చెదలు తినివేసినవా? ఈ మూడు ప్రశ్నలకు కాదని జవాబు వచ్చిన ఇంటిని బాగుచేయుట ఉచితం. ఒకదానికి అవునని వచ్చినచో ఇంజనీరు సలహా లేనిదే ముందుకు పోరాదు. రెండు మూడింటికి అవునని వచ్చినచో పాత సామగ్రిని జాగ్రత్తగా విప్పి, తిరిగి కట్టుటయే తుదకు చవుక.

శ్లాబు గదులు: కనిపించని తుప్పు

శ్లాబు అడుగున పెచ్చులు ఊడి, లోపలి చువ్వలు ఎర్రగా కనబడుట ఈ దీవులలో సాధారణ దృశ్యం. చాలమంది దానిపై కొత్త గిలాబు పూయించి, సున్నం వేయించి ఊరుకొంటారు. ఇది రోగాన్ని దుప్పటితో కప్పుట వంటిది. ఉప్పు గాలివలనను, కడగని సముద్రపు ఇసుక వాడుటవలనను కాంక్రీటులోనికి చేరిన లవణం చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు, అసలు ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్ల వరకు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగులుతుంది. పగులుద్వారా తేమ ఇంకను లోనికి పోతుంది.

సరియైన పద్ధతిలో వదులైన కాంక్రీటును పూర్తిగా చెక్కివేసి, చువ్వలను మెరిసేవరకు శుభ్రపరచి, బాగా సన్నబడిన చువ్వలకు తోడుగా కొత్తవి కట్టి, తుప్పు నిరోధక పూత పూసి, పిమ్మట మంచి మిశ్రమంతో నింపవలెను. పని జరుగునంతసేపు శ్లాబుకు క్రిందనుండి ఊతకర్రలు ఉండవలెను. కొత్తగా చేర్చే కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 తీరప్రాంత వాతావరణంలో ఎం-30 గ్రేడును, చువ్వలపై 45 మిల్లీమీటర్ల కవరును సూచిస్తున్నది. సముద్రపు ఇసుకకు బదులు క్వారీ రాతినుండి తయారైన ఇసుకను వాడుట క్షేమం.

భూకంప రక్షణ, వర్షపు నీరు

ఈ దీవులు దేశంలో భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతాలలో చేరినవి. పాత తాపీ గోడలను పటిష్ఠపరచు విధానాన్ని ఐ.ఎస్. 13935 వివరిస్తున్నది. కిటికీలు, ద్వారాల పైమట్టంలోను, గోడల మూలలలోను ఇనుప వల బిగించి సిమెంటు పూతతో పట్టీలు కట్టినచో నాలుగు గోడలు ఒక పెట్టెవలె కలిసి నిలుస్తాయి. కొయ్య ఇంటికి స్తంభాలమధ్య ఏటవాలు కర్రలు బిగించి, స్తంభాలను పునాది దిమ్మెకు ఇనుప పట్టీలతో బంధించవలెను. గోడ గిలాబు ఎలాగూ తీసినపుడే ఈ పని చేయించినచో అదనపు ఖర్చు తక్కువ. విడిగా చేయించినచో గిలాబు ఖర్చు రెండుసార్లు అవుతుంది.

రేకులు మార్చునపుడే నీటి తొట్టికి గొట్టాలు అమర్చుకొనుట కూడ ఇట్టిదే. ఇక్కడ సాలీనా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అయినను వేసవిలో త్రాగునీటికి కటకట తప్పదు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వర్షం కురిసిన ఒక లీటరు నీరు వస్తుంది. 600 చదరపు అడుగుల, అనగా సుమారు 56 చదరపు మీటర్ల కప్పునుండి, ఐదింట ఒక వంతు వృథా పోయినను, ఏడాదికి సుమారు 1 లక్షా 34 వేల లీటర్లు లభిస్తాయి.

అంచనా, అప్పు: ఒక ఉదాహరణ

ఈ క్రింది అంకెలు లెక్క వేయు విధానాన్ని తెలుపుటకు మాత్రమే ఊహించినవి. ధరలు దీవిని బట్టి, కాలాన్ని బట్టి మారుతాయి.

600 చదరపు అడుగుల ఇంటికి
కప్పు, నీటి గొట్టాలు: రూ. 1,80,000
కొయ్యపని, చెదల నివారణ: రూ. 70,000
శ్లాబు తుప్పు మరమ్మతు: రూ. 90,000
భూకంప రక్షణ పట్టీలు: రూ. 60,000
వైరింగు, మరుగుదొడ్డి, నీటి పైపులు: రూ. 80,000
మొత్తం: రూ. 4,80,000

పాత ఇంటిలో గోడ విప్పిన తరువాతగాని లోపం బయటపడదు. కావున నూటికి 15 వంతున రూ. 72,000 అదనంగా కేటాయించవలెను. అప్పుడు అంచనా రూ. 5,52,000 అవుతుంది. ఇందులో యజమాని తన వంతుగా రూ. 1,52,000 పెట్టుకొని, మిగిలిన రూ. 4,00,000 అప్పుగా తీసుకొన్నాడనుకొందాము. 9 శాతం వడ్డీపై 10 సంవత్సరాల గడువు ఎంచుకొన్న నెలవాయిదా సుమారు రూ. 5,067. మొత్తం వడ్డీ సుమారు రూ. 2,08,000. అదే 5 సంవత్సరాలలో తీర్చినచో వాయిదా రూ. 8,303, వడ్డీ సుమారు రూ. 98,000. గడువు పెంచుటవలన నెలభారం తగ్గినను అదనంగా రూ. 1,10,000 వడ్డీ చెల్లించవలసి వచ్చింది.

గడువు నిర్ణయించుటకు ఒక మంచి సూత్రం ఉన్నది. చేయించిన పని ఎన్ని సంవత్సరాలు నిలుస్తుందో, అప్పు గడువు అంతకు మించరాదు. కప్పు, శ్లాబు, పునాది పనులకు పదేండ్ల అప్పు సమంజసమే. నాలుగు వానాకాలాలకు వెలిసిపోయే రంగులకు పదేండ్ల అప్పు చేసినచో, రంగు పోయిన తరువాత ఆరేండ్లు దాని వాయిదా కట్టవలసి వస్తుంది. అట్టి పనులకు సొంత పొదుపే తగినది. కొబ్బరి, పోక తోటలపైనను, చేపల వేటపైనను జీవించువారు తమ ఆదాయం వచ్చు నెలలను శాఖా మేనేజరుకు వివరించి, అందుకు అనుగుణమైన వాయిదాలకు వీలున్నదేమో ముందే తెలుసుకొనవలెను.

ప్రభుత్వ సహాయం విషయంలో ఒక మాట. 1999-2000 సంవత్సరంనుండి ఇందిరా ఆవాస్ యోజన నిధులలో 20 శాతం కచ్చా ఇండ్ల ఉన్నతీకరణకు కేటాయించేవారు. ఆ పథకం స్థానంలో 2016లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన ముఖ్యంగా ఇల్లు లేనివారికి, కచ్చా ఇండ్లవారికి పక్కా ఇల్లు నిర్మించుటకు ఉద్దేశించినది. కావున ఉన్న పక్కా ఇంటిని బాగుచేయుటకు ఆ సహాయం లభిస్తుందని ఎదురుచూచుట సరికాదు.

దరఖాస్తుకు ముందు

దీవులలో భూమి హక్కులు 1966 నాటి భూమి శిస్తు, భూ సంస్కరణల రెగ్యులేషన్‌కు లోబడి ఉన్నాయి. తాత పేరున ఉన్న పట్టా మనుమని పేరుకు మారనిచో తనఖాకు చిక్కు వస్తుంది. వారసత్వ మార్పు జరిపించుటకు నెలలు పట్టవచ్చును గనుక, ఈ పనిని అన్నిటికంటె ముందు ప్రారంభించవలెను. తీరానికి దగ్గరగా ఉన్న ఇండ్లకు తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలు వర్తిస్తాయి. గది పెంచుటకు పూనుకొనక ముందే అనుమతి విషయం విచారించవలెను.

కాలాన్ని కూడ లెక్కలోనికి తీసుకొనవలెను. నైరుతి ఋతుపవనం మే నెలలో ప్రవేశిస్తుంది. ఈశాన్య ఋతుపవనం డిసెంబరు వరకు సాగుతుంది. కప్పు విప్పుటకు అనువైనది జనవరి మొదలు ఏప్రిల్ వరకు గల నాలుగు నెలలే. కావున వానాకాలంలో పత్రాలు, అంచనా సిద్ధపరచుకొని, అప్పు మంజూరు చేయించుకొని, సంవత్సరాంతానికి సామగ్రి రేవుకు చేరునట్లు చూడవలెను. పని మేలో ముగియనిచో విప్పిన కప్పుక్రింద కుటుంబం వానాకాలమంతా గడపవలసి వస్తుంది.

బ్యాంకు అప్పును పని దశలను బట్టి విడతలుగా ఇచ్చుటను కొందరు ఇబ్బందిగా భావిస్తారు. నిజానికి అది ఋణగ్రహీతకే రక్ష. కాంట్రాక్టరుకు కూడ అట్లే, ముగిసిన పనికి మాత్రమే చెల్లించవలెను. చేతిలోని ధనం చాలనపుడు పనుల వరుస ఇది: ముందు పునాది, స్తంభాలు, తరువాత కప్పు, తరువాత విద్యుత్తు, పారిశుద్ధ్యం, చివర గచ్చు, రంగులు. చూచువారికి ముందుగా కనిపించేవి రంగులే. భూమి కంపించిన రాత్రి ఇంటిల్లిపాదిని కాచేవి మాత్రం పునాది, స్తంభాలు, గోడల కట్టుబాటు. అప్పు చేసి తెచ్చిన ప్రతి రూపాయి మొదట వాటికి చెందవలెను.