గాదె పెద్దదైతే కళ్ళం పెరుగుతుందా?

కంప్యూటరు నత్తనడక వెనుక ‘స్వాప్’ కథ

దరఖాస్తుకు ఆఖరి రోజున ఏ మండల కేంద్రంలో జిరాక్సు షాపు ముందు నిలబడినా ఒకటే దృశ్యం. బయట సర్టిఫికెట్లు చేతబట్టుకున్న పిల్లలు, వారి వెంట వచ్చిన తండ్రులు. లోపల కుర్రవాడు మౌసు నొక్కుతూనే వుంటాడు, తెర మీద బాణం గుర్తు కదలదు. గుండ్రటి చక్రం మాత్రం తిరుగుతూ వుంటుంది. కంప్యూటరు పెట్టె మీది చిన్న దీపం ఆరకుండా మిణుకుమిణుకుమంటూ వుంటుంది. “నెట్ స్లోగా వుందండీ, కాసేపు ఆగండి” అంటాడతను. పాపం నెట్‌ది కాకపోవచ్చు. ఆ దీపం డిస్కుది. లోపల డిస్కు ఊపిరాడకుండా పనిచేస్తున్నదని అది చెబుతోంది.

సంగతి అర్థం కావాలంటే కళ్ళం, గాదె గుర్తుకు తెచ్చుకుంటే చాలు. నూర్పిడి జరిగేది కళ్ళంలోనే. గాదెలో ఎంత ధాన్యమున్నా అక్కడ పని సాగదు. కంప్యూటరులో ర్యామ్ అనేది కళ్ళం. తెరిచిన ప్రతి ఫారం, ప్రతి ఫోటో, ప్రతి వెబ్ పేజీ అక్కడికే రావాలి. కళ్ళం నిండిపోయినప్పుడు చాలాసేపటి నుంచి ఎవరూ ముట్టని సరుకును తీసి డిస్కు మీద ఓ మూల దాచి, కావలసినప్పుడు మళ్ళీ తెచ్చుకునే ఏర్పాటు ఒకటి వుంది. ఆ మూలకే స్వాప్ అని పేరు. విండోస్‌లో దీనిని పేజ్ ఫైల్ అంటారు. లైనక్సులో స్వాప్ అనే అంటారు. మాక్ కంప్యూటర్లలోనూ ఇది వుంది, కాకపోతే అది తన లెక్క తానే చూసుకుంటుంది.

ఈ ఉపాయం నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం తయారుచేసిన అట్లాస్ కంప్యూటరు 1962లో ప్రారంభమైంది. దానిలో వేగంగా పనిచేసే మెమరీ కేవలం 16 వేల పైచిలుకు పదాలకే సరిపోయేది. అంతకు ఆరు రెట్లు పట్టే తిరుగుడు డ్రమ్మును పక్కన పెట్టి, రెండూ కలిసి ఒకటేనన్నట్టు యంత్రాన్ని నమ్మించారు. సరుకును పేజీలుగా విడగొట్టి అటూ ఇటూ మార్చారు. మెమరీ బంగారం ఖరీదు చేసిన రోజుల్లో లేమిలోంచి పుట్టిన తెలివి అది. మన బల్ల మీది కంప్యూటర్లూ నేటికీ పేజీల లెక్కనే నడుస్తాయి. సాధారణంగా ఒక్కో పేజీ 4 కిలోబైట్లు. ఆ లెక్కన 4 జీబీ ర్యామ్‌లో 10 లక్షల 48 వేల పైచిలుకు పేజీలు పడతాయి.

మరి చిక్కెక్కడ?

చిక్కంతా దూరంలో వుంది. ర్యామ్ నుంచి ఒక వస్తువు అందుకోవడానికి ఒక్క సెకను పట్టిందనుకుంటే, పాత తిరుగుడు హార్డ్ డిస్కు నుంచి అదే వస్తువు తేవడానికి సుమారు లక్ష సెకన్లు, అంటే 27 గంటల పైన పడుతుంది. కొత్తరకం ఎస్.ఎస్.డి. అయితే పావుగంట చిల్లర. చేతికందే డబ్బాలోంచి ఉప్పు తీసుకోవడానికీ, ఉప్పు కోసం పక్క జిల్లాకు పోయి రావడానికీ ఎంత తేడా వుందో అంత తేడా.

ముట్టని సరుకు గాదెలో పడివుంటే ఎవరికీ నష్టం లేదు. పైగా కళ్ళంలో చోటు మిగులుతుంది. కాని ఇప్పుడు జరుగుతున్న పనికే కళ్ళం చాలకపోతే? బయటికి పంపిన బస్తా మరుక్షణమే కావలసివస్తుంది. దాన్ని తేవాలంటే ఇంకొకటి పంపాలి. అదీ వెంటనే కావాలి. బండ్లు తిరగడమే తప్ప నూర్పిడి జరగదు. పీటర్ డెన్నింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1968లోనే ఈ జబ్బు కారణాలను విడమరచి రాశారు. పని ఒకటి సాగడానికి ఒకే సమయంలో దగ్గరుండవలసిన సరుకు ఎంతో, అంత చోటు ర్యామ్‌లో వుండి తీరాలన్నది ఆయన చెప్పిన సారం.

కనుక స్వాప్ కొంత నిండి కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. చూడవలసింది రాకపోకలను. విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరిస్తే మెమరీ నిండి, డిస్కు నూటికి నూరు పాళ్ళు పనిచేస్తూ కనిపిస్తే అనుమానించాలి. లైనక్సులో ‘ఫ్రీ’ అనే ఆజ్ఞ ఎంత నిండిందో చెబుతుంది. ‘వీఎంస్టాట్’ అనే ఆజ్ఞ సెకను సెకనుకూ లోపలికెంత, బయటికెంత అన్నది చూపుతుంది. ఆ రెండు వరుసల్లోనూ సున్నాలు వుంటే క్షేమం. పెద్ద అంకెలు ఆగకుండా వస్తుంటే కళ్ళం చాలడం లేదని అర్థం.

తెలిసీ తెలియని వైద్యాలు

ఇక్కడ రెండు రకాల నాటు వైద్యాలు నడుస్తున్నాయి. స్వాప్‌ను పూర్తిగా తీసేస్తే వేగం వస్తుందని కొందరు తీసేస్తారు. మెమరీ నిండిన రోజున లైనక్సు చేసేదేమంటే, నడుస్తున్న కార్యక్రమాల్లో ఒకదాన్ని, సాధారణంగా ఎక్కువ చోటు ఆక్రమించినదాన్ని, చంపేస్తుంది. సగం నింపిన ఫారం దానితోపాటే పోతుంది. ఇంకొందరు స్వాప్‌ను ర్యామ్‌కు నాలుగింతలు పెంచి హాయిగా కూర్చుంటారు. గాదె పెద్దదైందే తప్ప కళ్ళం పెరిగిందా? స్వాప్ ర్యామ్‌కు రెట్టింపు వుండాలన్న పాత లెక్క కూడా మెమరీ కొద్దిపాటిగా వున్న కాలానిది.

సెల్‌ఫోన్ల దుకాణాల్లో ‘8 ప్లస్ 8’ అని రాసి 16 జీబీ ర్యామ్ అన్నట్టు చెబుతున్న మాట కూడా ఈ కోవలోనిదే. రెండో 8 ర్యామ్ కాదు, ఫోను నిల్వలోంచి కోసి ఇచ్చిన స్వాప్ జాగా. ఆ మాట నమ్మి అదనంగా డబ్బు పెట్టడం దండగ.

లైనక్సులో ‘స్వాపినెస్’ అనే అంకె ఒకటుంది. మామూలుగా అది 60. తగ్గిస్తే కార్యక్రమాల పేజీలను స్వాప్‌కు పంపడానికి వెనుకాడుతుంది, బదులుగా డిస్కు నుంచి తెచ్చి పెట్టుకున్న ఫైళ్ళ నకళ్ళను ముందు వదిలించుకుంటుంది. ఇంతకంటే మేలైన ఉపాయం ‘జెడ్‌ర్యామ్’. సరుకును డిస్కుకు పంపకుండా ర్యామ్‌లోనే అదిమి కుదించి పెడుతుంది. ఫెడోరా అనే లైనక్సు 2020 నుంచి దీనినే వాడుకలో పెట్టింది. చిన్న ల్యాప్‌టాప్‌లకు ఇది నిజంగా ఉపకారి.

ఇక కౌంటర్ల దగ్గర రోజూ వినే ‘సర్వర్ డౌన్’ మాట. దానికి కారణాలు పది వుండవచ్చు. వాటిలో ఇదీ ఒకటి. అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్లు చాలావరకు స్వాప్ లేకుండానే వస్తాయి. రద్దీ పెరిగి మెమరీ నిండితే, వేటు తరచు డేటాబేసు మీదే పడుతుంది, ఎందుకంటే అందరికంటే ఎక్కువ చోటు దానిదే. కొద్దిపాటి స్వాప్ వుంటే పని మందగిస్తుంది గాని ఒక్కసారిగా కూలదు. నిర్వాహకుడు గమనించి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో అతను చూడకపోతే మాత్రం సర్వరు బతికి వుండీ పలకని స్థితికి వస్తుంది. క్యూలో నిలబడ్డ రైతుకు రెండింటికీ తేడా ఏమీ లేదు.

కరెంటు కోతల ఊళ్ళలో ఇంకో విషయం. లైనక్సు ల్యాప్‌టాప్‌ను ‘హైబర్నేట్’ చేస్తే ర్యామ్‌లోని సరుకు స్వాప్‌లోకే చేరుతుంది. అందుకు సరిపడా జాగా లేకపోతే ఆ సదుపాయం పనిచేయదు. విండోస్ దీనికి వేరే ఫైలు పెట్టుకుంటుంది. స్వాప్‌లోకి పోయిన వాటిలో పాస్‌వర్డులు, ఆధార్ నెంబర్లు కూడా వుండే వీలుంది. పాత కంప్యూటరు అమ్మేవారు డిస్కును పూర్తిగా తుడిపించి అమ్మడం మేలు.

పాతదైందని ల్యాప్‌టాప్‌ను తెగనమ్మే ముందు మెకానిక్‌ను రెండు ప్రశ్నలు అడగాలి. ఇంకో ర్యామ్ ముక్క పెట్టే గాడి ఖాళీగా వుందా? హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయవచ్చా? రెండింటికీ అవునంటే కొత్తదాని ఖరీదులో కొద్ది భాగంతోనే పని జరిగిపోతుంది. పలచటి ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. వాటికి తరువాత పెంచుకునే దారి లేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు డబ్బు చేతిలో పెట్టకముందే ఈ సంగతి అడగడం మంచిది.