ముత్యాల గర్భం: కడుపు క్లీన్ చేశాక మొదలయ్యే వైద్యం

మూడో నెలకే అయిదో నెల కడుపులా కనిపించడం, మంచినీళ్లు కూడా ఇమడనంత వాంతులు, మధ్యమధ్య ముదురు రంగు రక్తం కనపడటం. ఇవి కలిసి వచ్చినప్పుడు డాక్టర్లు అనుమానించే వాటిలో ముత్యాల గర్భం ఒకటి. స్కానింగ్‌లో బిడ్డ ఉండాల్సిన చోట నీటి బుడగలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. మాయగా ఎదగాల్సిన కణజాలమే నీరు పట్టి అలా ఉబ్బుతుంది. పూర్తి ముత్యాల గర్భంలో పిండం ఉండదు. పాక్షికమైన దాంట్లో పిండం కొంత ఏర్పడుతుంది గానీ బతికి బట్టకట్టదు. ప్రపంచం మొత్తం మీద వెయ్యి గర్భాలకు ఒకటి అటూ ఇటూగా ఇలా అవుతుంది. మన ఆసియాలో ఇంకాస్త ఎక్కువ. ఇరవై లోపు, నలభై దాటిన వయసుల్లో వచ్చే గర్భాలకు ముప్పు పెరుగుతుంది.

ఇప్పుడు స్కానింగులు తొందరగా చేస్తున్నారు కాబట్టి చాలామందిలో ఈ లక్షణాలేవీ ముదరవు. మామూలుగా కడుపు నిలవలేదనుకుని క్లీన్ చేసేస్తారు. అసలు సంగతి తీసిన ముక్కను బయాప్సీకి పంపితేనే తెలుస్తుంది. పంపారా లేదా అని ఇంటివాళ్లు అడగాలి. ఆ ఒక్క బయాప్సీ కాగితం లేకపోవడం వల్ల జబ్బు నెలల తరబడి పేరు లేకుండా లోపల పెరిగే ప్రమాదం ఉంది.

నిజామాబాద్ జిల్లా వేల్పూర్ లాంటి ఊళ్లో మాత్రం మొదట వచ్చే ప్రశ్నలు వేరు. "ఏం తిన్నవ్ బిడ్డా? పసుపు మూటలు ఎత్తినవా? గ్రహణం నాడు బయటికి పోయినవా?" అత్త అడుగుతుంది, వదినె అడుగుతుంది, పక్కింటి అవ్వ అడుగుతుంది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో కళ్లంలో నిలబడ్డా, రోజంతా కూర్చుని బీడీలు చుట్టినా ఇది రాదు. 1977లో జపాన్ శాస్త్రవేత్తలు కాజీ, ఒహామా దీని గుట్టు విప్పారు. పూర్తి ముత్యాల గర్భంలో మామూలుగా కేంద్రకంలోని క్రోమోజోములన్నీ తండ్రి వైపువే. తల్లి అండంలోని కేంద్రకం ఎలాగో జారిపోతుంది. ఆ ఖాళీ అండంలో చేరిన ఒక్క వీర్యకణం తన క్రోమోజోములను రెట్టింపు చేసుకుంటుంది, లేదా రెండు వీర్యకణాలు ఒకేసారి చేరతాయి. పాక్షికమైన దాంట్లో తల్లివి ఒక వంతు, తండ్రివి రెండు వంతులు ఉంటాయి. అలాగని తప్పు మగవాడి మీదికి నెట్టాల్సిన పని లేదు, అది ఎవరి చేతిలోనూ ఉండదు. కానీ కోడలిని కూర్చోబెట్టి లెక్కలడిగే ఇళ్లల్లో ఈ ముక్క గట్టిగా చెప్పాల్సిందే.

గర్భసంచిలో ఉన్నదాన్ని సక్షన్ పద్ధతిలో తీస్తారు. ముందుగా రక్తం, థైరాయిడ్, బీపీ చూస్తారు. ఈ గర్భంలో హెచ్‌సీజీ అనే హార్మోను లక్ష యూనిట్లు కూడా దాటిపోవచ్చు. అది థైరాయిడ్‌ను రెచ్చగొట్టి గుండె దడ తెప్పించగలదు. తల్లిది నెగెటివ్ గ్రూపు రక్తమైతే యాంటీ-డి ఇంజెక్షన్ సంగతి అడగాలి. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. "క్లీన్ చేసిండ్రు, అయిపోయింది" అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అసలు వైద్యం అక్కడే మొదలవుతుంది.

లోపల మిగిలిపోయిన కణాలు కొందరిలో మళ్లీ పెరుగుతాయి. పూర్తి ముత్యాల గర్భం అయినవాళ్లలో నూటికి పదిహేను నుంచి ఇరవై మందికి, పాక్షికమైతే అయిదుగురి లోపు, తర్వాత మందులు అవసరమవుతాయి. ఎవరికి అవసరమో ముఖ్యంగా చెప్పేది ఆ హెచ్‌సీజీ అంకే. అది మామూలు స్థాయికి దిగేదాకా వారం వారం రక్తపరీక్ష, దిగాక నెలనెలా. పూర్తి ముత్యాల గర్భమైతే ఈ నెలనెలా పరీక్షలు ఆరు నెలలు సాగుతాయి. పాక్షికమైతే ఎంతకాలమో డాక్టరు చెబుతారు, తరచూ తక్కువే ఉంటుంది. పరీక్ష ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించడం మంచిది, ల్యాబు మారితే అంకె కొంచెం మారుతుంది, ఉత్తపుణ్యానికి కంగారు.

అంకె మామూలు స్థాయికి దిగేదాకా వదలకూడదన్న నియమం వెనక ఇద్దరు వలస మనుషుల కథ ఉంది. మొదటివారు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో భార్యను ఇక్కడే ఉంచి అమెరికా వెళ్లారు, మళ్లీ తిరిగి రాలేదు. (ఇంటి మనిషి రాకపోతే ఎలా ఉంటుందో గల్ఫ్ ఇళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.) న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది ఆయన బృందమే. ఆ ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు, వాటిలో మెథోట్రెక్సేట్, పుట్టింది కూడా అక్కడే. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

రెండోవారు చైనా నుంచి వచ్చిన డాక్టర్ మిన్ చియు లీ. 1956లో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఆయన, రాయ్ హెర్ట్జ్ కలిసి, ఇలా లోపల మిగిలే మాయ కణాల నుంచి కూడా పుట్టగల క్యాన్సర్ ముదిరిన స్త్రీలకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. గడ్డలు కరిగాయి. మందులతోనే నయమైన తొలి గడ్డ క్యాన్సర్ ఇదే. ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోయినా హార్మోను ఇంకా మిగిలి ఉందంటే జబ్బు ఉన్నట్టేనని లీ వాదించారు, మందు ఆపలేదు. కనపడని జబ్బుకు విషం ఎక్కిస్తున్నాడని పైవాళ్లు ఆయన్ని అక్కడి నుంచి పంపేశారు. మందు చివరిదాకా వాడిన వాళ్లకు జబ్బు తిరగబెట్టలేదు. 1972లో ఆ పనికే లీ, హెర్ట్జ్‌లకు లాస్కర్ అవార్డు వచ్చింది. ఆర్మూరు ల్యాబులో ఇవాళ ఇచ్చే బీటా హెచ్‌సీజీ రిపోర్టును చివరిదాకా చూడటం వెనక ఉన్నది ఆ పట్టుదలే.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. బ్రిటన్‌లో 1973 నుంచి ఇలాంటి స్త్రీల పేర్లు జాతీయ కేంద్రాల దగ్గర నమోదవుతాయి, నమూనాలు పోస్టులో వెళతాయి, తేదీ దాటితే వాళ్లే గుర్తుచేస్తారు. వేల్పూర్ ఆడబిడ్డకు ఆ తేదీలు తనే గుర్తుపెట్టుకోవాలి. వారానికోసారి ఆర్మూరుకు పోయి రావడమంటే ఆ పూట బీడీలు తగ్గుతాయి, ఆటో కిరాయి పడుతుంది. అంకె సగానికి సగం పడగానే "ఇగ మంచిగనే ఉంది గద" అని మానేయాలనిపించడం సహజం. మానేయకూడనిది సరిగ్గా అప్పుడే. వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా 2001లో ప్రకటించారు. అప్పుడు బడిలో కూర్చున్న ఆడపిల్లలు ఇప్పుడు ముప్పైలలో ఉన్నారు, ఈ లెక్క తామే రాసుకోగలరు. ఒక నోటుబుక్కులో ఎడమవైపు తేదీ, కుడివైపు అంకె రాసుకుంటూ పోతే డాక్టరుకు అంతకంటే ఉపయోగపడే కాగితం ఉండదు. దిగాల్సిన అంకె మూడు వారాల పాటు అక్కడక్కడే ఆగినా, రెండు వారాలు వరసగా పెరిగినా వెంటనే నిజామాబాద్ పెద్దాసుపత్రికి పోవాలి.

దుబాయ్, మస్కట్, రియాద్‌లలో ఉన్న మనకు ఈ ఆరు నెలల పరీక్షల కాలంలో ఒక చిక్కు ఉంది. మనకు సెలవు దొరికేది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, నెలో నలభై రోజులో. ఇంటికొచ్చినప్పుడే కడుపు రావాలని పెద్దవాళ్ల ఆరాటం. డాక్టరేమో గర్భం వద్దంటారు. కొత్త గర్భం వస్తే హెచ్‌సీజీ మామూలుగానే పెరుగుతుంది, అది బిడ్డదా, తిరగబెట్టిన జబ్బుదా తేల్చలేరు. అందుకే ఆ కట్టడి. ఆలుమగలు దూరంగా ఉండాలని దాని అర్థం కాదు. నిరోధ్ గానీ, డాక్టరు చెప్పిన మాత్రలు గానీ వాడితే చాలు, కాపర్-టీ మాత్రం అంకె దిగాకే. ఈ మాట అత్తామామలకు కోడలు చెబితే సాకు అనుకుంటారు. అదే కొడుకు వీడియో కాల్‌లో "అమ్మా, డాక్టర్ వద్దన్నడు, ఇద్దరం అనుకున్నం" అంటే ఇంట్లో వేరేగా వినపడుతుంది. గల్ఫ్ నుంచి చేయగలిగిన పనుల్లో డబ్బు పంపడం కంటే ఇదే పెద్దదని నా అభిప్రాయం.

మందులు అవసరమైనా బెంబేలెత్తవద్దు. తక్కువ ముప్పు ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ నయమవుతుంది. గర్భసంచి తీయకుండానే నయమవుతుంది. మామూలుగా మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ రోజు విడిచి రోజు, మధ్య రోజుల్లో దాని విషాన్ని విరిచే ఫోలినిక్ యాసిడ్. ఇంట్లో మిగిలిన ఐరన్-ఫోలిక్ మాత్రలను ఆ సమయంలో డాక్టరును అడగకుండా వేసుకోకూడదు, అవి మందు పనిని చెడగొట్టవచ్చు. అది లొంగకపోతే వేరే మందులున్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది, క్యాన్సర్ మందులకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. కార్డులో కోడలి పేరు ఎక్కించారా అని ముందే చూసుకోవాలి, పెళ్లై ఏళ్లు గడిచినా ఎక్కించని ఇళ్లు చాలానే. మందులు వాడినవాళ్లు ఏడాది పాటు గర్భం ఆపుకోవాలి.

మనసు సంగతి ఇంకోటి. "అది బిడ్డే కాదట, ఎందుకు ఏడుస్తవ్" అనే మాట ఓదార్పు కాదు. ఆమె పేరు అనుకుంది, ఎవరి పోలికో ఊహించుకుంది, వాంతులన్నీ ఓర్చుకుంది. చేతిలో ఏమీ లేకుండా తిరిగొచ్చి, పైగా క్యాన్సర్ మాట విని, నెలనెలా సూది పొడిపించుకుంటోంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అంకె ఎంతని అడిగే ముందు తిన్నావా, నిద్ర పట్టిందా అని అడగొచ్చు.

ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి, మహా అయితే రెండు. మళ్లీమళ్లీ వస్తుంటే మాత్రం వేరే కారణం వెతకాలి. ఎన్ఎల్ఆర్‌పీ7 అనే జన్యువులోని లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించిన స్త్రీలలో ఇలా జరుగుతుందని 2006లో తేలింది. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో ఇలాంటి జన్యువులు జత కలిసే అవకాశం ఎక్కువ. ఆ లోపం ఉన్న స్త్రీలకు దాత అండంతో పిల్లలు పుట్టే దారి ఉంది. మిగిలిన వాళ్లెవరూ ఈ భయం పెట్టుకోనవసరం లేదు. తర్వాతి గర్భంలో ఆరేడు వారాలకే స్కానింగ్ చేయించి, పాత నోటుబుక్కు కూడా తీసుకెళితే సరిపోతుంది.