ఫొటో ప్రింటర్ కొనాలా, స్టూడియోకే పోవాలా?

దోహాలో ఏ పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుకెళ్లినా టిఫిన్ డబ్బా అంత ఫొటో ప్రింటర్లు కనబడుతున్నాయి. ఫోన్లో నొక్కితే చాలు, నిమిషంలో 4×6 ఫొటో చేతికొస్తుంది. ఒకటి కొనేస్తే స్టూడియో చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అల్ సద్ ఫ్లాట్లలో భార్యాపిల్లలతో ఉండేవాళ్లకైనా, పక్క బిల్డింగ్‌లో బెడ్‌స్పేస్‌లో సర్దుకునే బ్యాచిలర్లకైనా ఈ ఆలోచన ఒక్కటే. లెక్క మాత్రం ఒక్కటి కాదు.

వెనకటికి ఈ తిప్పలే లేవు. కెమెరాలో 36 ఫొటోల రీలు, అది అయిపోతే స్టూడియో, ప్రింట్ల కవరు ఊరికి పోయేవాళ్ల చేతికి. మన ఊళ్లలో ప్రతి బస్టాండు దగ్గరా బోర్డు కనబడిన కొనికా కంపెనీ 2006లో ఫొటో వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది. కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. అయినా కలర్ ల్యాబ్‌లు పోలేదు. వెండి లవణాలు పూసిన పేపరుపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు వేసి, మందుల్లో కడిగి ఆరబెట్టే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. కొత్త షాపుల్లో ఇంకుతో కొట్టే పెద్ద యంత్రాలూ వచ్చాయి.

లెక్క చూద్దాం

షాపును బట్టి ధర మారుతుంది కాబట్టి అంచనాకే చెబుతున్నాం. ప్రింటర్ 500 రియాళ్లు, 108 ప్రింట్లకు సరిపడే పేపరు-రిబ్బన్ ప్యాకెట్ 140 రియాళ్లు, స్టూడియోలో ప్రింటు ఒక రియాల్ అనుకోండి. ఏడాదికి 60 ఫొటోల చొప్పున మూడేళ్లకు 180 ఫొటోలు. స్టూడియోలో 180 రియాళ్లతో పోతుంది. 2019 నవంబర్లో అల్ సద్ మెట్రో స్టేషన్ తెరిచాక దూరం నుంచి రావడం కూడా తేలికే. పోనురాను 4 రియాళ్లు. ఏడాదికి ఆరుసార్లు వచ్చిపోయినా మూడేళ్లకు 72 కలుస్తుంది, అంతా కలిపి 252. ఇంట్లో అయితే ప్రింటర్, రెండు ప్యాకెట్లు కలిపి 780.

ఇంకు పోసే మామూలు ప్రింటర్ చవక కదా అంటారు. పేపర్లు, ఫారాలు రోజూ కొట్టేవాళ్లకు అది మంచిదే. సెలవు మీద రెండు నెలలు ఊరికి పోయి వచ్చేసరికి ఇంకు సూదిమొనలంత రంధ్రాల్లో ఎండిపోతుంది. ఫొటోలో అడ్డగీతలు పడతాయి. క్లీనింగ్ నొక్కినప్పుడల్లా ఇంకు ఖర్చు. రిబ్బన్ రకానికి ఈ గొడవ లేదు. పేపరు నాలుగుసార్లు లోపలికీ బయటికీ పోయి వస్తుంది: పసుపు, గులాబీ, నీలం రంగులు ఒకదాని మీద ఒకటి, చివర పారదర్శకమైన పూత. నీటి చుక్క పడ్డా తుడిచేయొచ్చు. నెలల తరబడి వాడకపోయినా చెడదు.

ఇక రూములో నలుగురైదుగురు ఉండే చోట ప్రింటర్ పెట్టేదెక్కడ? బంకు బెడ్డు కిందే. ఫైనల్ ఎగ్జిట్ రోజున లగేజీలో దాని బరువెంతో చూసుకుని ఎవరికో ఇచ్చేసి పోవాల్సిందే. బ్యాచిలర్లకు స్టూడియోనే మేలని మా అభిప్రాయం.

కుటుంబంతో ఉన్నవాళ్ల సంగతి వేరు. పిల్లల స్కూలు ప్రాజెక్టుకు రాత్రి పదింటికి ఫొటో కావాలంటారు. 35×45 మిల్లీమీటర్ల ఫొటోలు ఒక్క 4×6 పేపరులో ఎనిమిది పడతాయి (ఏ దరఖాస్తుకు ఏ సైజు, వెనక ఏ రంగు అన్నది ముందే చూసుకోవాలి). అన్నిటికంటే ముఖ్యం, ఇంటి ఆడవాళ్ల ఫొటోలు బయటి కంప్యూటర్లోకి పోవు. ఒక్క జాగ్రత్త: వాడేసిన రిబ్బన్ మీద ప్రతి ఫొటో నీడా మిగిలిపోతుంది. దాన్ని ముక్కలు చేసి పారేయాలి. స్టూడియోకు పోయినా ఫోన్ మొత్తం చేతికివ్వకండి. కావలసిన ఫొటోలే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కాపీ చేసినవి మీ ముందే డిలీట్ చేయించండి.

తలలు తెగకుండా

ఫోన్ ఫొటో ఆకారం, 4×6 పేపరు ఆకారం ఒక్కటి కాదు. అడ్డంగా తీసిన గ్రూపు ఫొటోను పేపరు నిండా కొడితే పైన పావు అంగుళం, కింద పావు అంగుళం పోతాయి. వెనక వరసలో నిలబడ్డ పొడుగాయన తల ఎగిరిపోయేది అక్కడే. చుట్టూ తెల్ల అంచు వదిలి మొత్తం ఫొటో రావాలని ముందే చెప్పండి. మొహం తెల్లగా చేయొద్దని కూడా చెప్పండి, లేకుంటే మీ అమ్మే గుర్తుపట్టదు.

మూడో దారి కూడా ఉంది. జగిత్యాలలోనో, రాజంపేటలోనో ఉన్న స్టూడియోకు ఫైలు పంపితే అక్కడే ప్రింటు తీస్తారు, ఇంట్లోవాళ్లు వెళ్లి తెచ్చుకుంటారు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. 4×6కు 1200×1800 పిక్సెళ్లు చాలు. గోడకు తగిలించే పెద్ద సైజుకు మాత్రం అసలు ఫైలే ఉండాలి. ఆ సైజు ఈ చిన్న ప్రింటర్లతో కాదు.

పెద్ద ఫొటో ఎందుకంటారా? చెప్పడానికి నోరు రాదు గానీ, గల్ఫ్ నుంచి మనిషి పెట్టెలో వచ్చిన ఇళ్లలో దండ వేయడానికి పాస్‌పోర్టు ఫొటోను సాగదీసి ఫ్రేము కట్టించిన సంగతులు మనకు కొత్త కాదు. ఫోన్ నిండా ఫొటోలుంటాయి, ఆ ఫోన్ లాకు ఎవరికీ తెలియదు. బతికుండగానే, నవ్వుతూ దిగిన ఫొటో ఒకటి ఇంటి గోడ మీద ఉంటే నష్టమేముంది? నాన్న మొహాన్ని వీడియో కాల్లో తప్ప చూడని పిల్లలకు అది రోజూ కనబడుతుంది.

శుక్రవారం పొద్దున చాలా షాపులు మూసే ఉంటాయి. జుమ్మా నమాజు తర్వాత తెరిచినా రద్దీగా ఉంటుంది. ఇండస్ట్రియల్ ఏరియా నుంచి వచ్చేవాళ్లు గురువారం రాత్రే ఫైళ్లు పంపి, ఎప్పుడు రెడీ అవుతాయో కనుక్కుని బయల్దేరితే సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోవచ్చు.