తాను పంచిన ఊరట తనకు దక్కని కవి: విలియం కూపర్

ఆంగ్ల క్రైస్తవ కీర్తనకారులలో విలియం కూపర్ (1731–1800) జీవితం అత్యంత విషాదకరమైనది. దేవుని కృపను గురించి తరతరాల విశ్వాసులు పాడుకునే కీర్తనలను రాసిన ఈ కవి, జీవితపు చివరి ఇరవయ్యేడేళ్లు ఆ కృప తనకు మాత్రం వర్తించదనే నమ్మకంతోనే గడిపాడు.

ఇంగ్లండులోని బెర్కమ్‌స్టెడ్‌లో ఆంగ్లికన్ గురువు కుమారుడిగా పుట్టిన కూపర్ పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నాడు. న్యాయవాది అయ్యాడు గాని ఆ వృత్తిలో ఇమడలేదు. 1763లో ఒక బంధువు చొరవతో ప్రభువుల సభలో ఉద్యోగం రాబోతున్నప్పుడు, అందుకోసం సభ ఎదుట నిలబడి పరీక్షకు జవాబులు చెప్పవలసి వస్తుందన్న భయం ముదిరి, ఆయనను ఆత్మహత్యాయత్నం వరకు తీసుకుపోయింది. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియల్ కాటన్ నడిపే చికిత్సాలయంలో కోలుకుంటున్న రోజుల్లో, 1764లో, రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయం 25వ వచనం చదువుతుండగా, క్రీస్తు రక్తం వలన కలిగే పాపపరిహారం తనకోసం కూడానని ఆయన గ్రహించాడు. ఆ తరువాతి కొన్నేళ్లే ఆయన జీవితంలో నిండు సంతోషం ఎరిగిన కాలం.

తనకు ఆశ్రయమిచ్చిన అన్విన్ కుటుంబంతో కలిసి 1767లో ఆయన ఓల్నీ పట్టణానికి చేరాడు. లేసు అల్లి పొట్ట పోసుకునే నిరుపేదలు ఎక్కువగా ఉన్న ఆ ఊరికి, ఒకప్పుడు బానిసల ఓడలు నడిపి తరువాత గురువైన జాన్ న్యూటన్ సంఘ కాపరి. అప్పటి ఆంగ్లికన్ ఆరాధనలో ఛందోబద్ధంగా మలచిన దావీదు కీర్తనలదే ప్రధాన స్థానం కాగా, కొత్తగా రాసిన కీర్తనలకు వారం మధ్యలో జరిగే ప్రార్థన కూడికలు చోటిచ్చాయి. చదువు అంతగా లేనివారికి అర్థమయ్యే తేలిక మాటలతో, ఒక్కో వాక్యభాగం చుట్టూ అల్లిన ఈ పాటలు 1779లో ‘ఓల్నీ హిమ్స్’ పేరుతో వెలువడ్డాయి. అందులోని 348 కీర్తనలలో కూపర్‌వి అరవైకి పైబడినవి, మిగతావి న్యూటన్‌వి. కూపర్ కీర్తనలను గుర్తించడానికి న్యూటన్ ఆయన ఇంటిపేరులోని తొలి అక్షరాన్ని జతచేశాడు. బోధనే ప్రధానంగా సాగే న్యూటన్ కీర్తనల పక్కన, దేవుని సన్నిధి దూరమైన మనసు పడే వేదనను కూపర్ చెప్పినంత నిజాయితీగా చెప్పినవారు అరుదు.

గ్రంథం 1779 దాకా ఆలస్యం కావడానికి కూపర్ అనారోగ్యమే కారణం. 1773 ఆరంభంలో వ్యాధి తిరగబెట్టింది. తాను శాశ్వతంగా నశించానని ప్రకటించే స్వరాన్ని కలలో విన్నాడు. ఆయన నమ్మిన కాల్విన్ సిద్ధాంతం ప్రకారం, దేవుడు ఎవరిని రక్షించాలో తానే ముందుగా ఏర్పరచుకుంటాడు, ఏర్పరచుకున్నవారిని ఎన్నడూ విడువడు. ఈ ‘ఏర్పాటు’ను కూపర్ చివరిదాకా సందేహించలేదు, లోకంలో దానికి మినహాయింపు తానొక్కడినే అనుకున్నాడు. అందుకే ఆరాధనకు వెళ్లడం మానేశాడు, ప్రార్థించే హక్కు కూడా తనకు లేదనుకున్నాడు.

మనసు మళ్లించడానికి 1774లో చేరదీసిన మూడు కుందేళ్లు ఆయనకు కొంత ఊపిరినిచ్చాయి. వాటిలో పుస్ అనేది జబ్బుపడినప్పుడు ఆయన సేవకు కృతజ్ఞతగా చేతివేళ్ల నడుమ కూడా వదలకుండా నాకిందనీ, టైనీ ఎంత ముద్దు చేసినా మచ్చిక కాలేదనీ తరువాత ఒక పత్రికలో శ్రద్ధగా వర్ణించాడు. తోటపని, కవిత్వం కూడా తోడై, 1785లో ‘ది టాస్క్’ అనే దీర్ఘకావ్యం ఆయనకు దేశవ్యాప్త కీర్తి తెచ్చింది. 1788లో బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ కవితలు రాశాడు. 1796లో, ఆయనకు ఆశ్రయమిచ్చిన కుటుంబంలోని మేరీ అన్విన్ మరణించాక ఆ కాస్త ఊరటా పోయింది.

ఆయన మతిస్థిమితం చెడడానికి మతమే కారణమని, న్యూటన్ బోధలోని తీవ్రతే ఆయనను కుంగదీసిందని నిందించిన విమర్శకులున్నారు. ఈ నింద నిలబడదు. 1763 నాటి సంక్షోభం ఆయన మార్పు పొందడానికి, న్యూటన్‌ను కలవడానికి ముందే వచ్చింది. విశ్వాసం ఆ వ్యాధికి భాషనిచ్చి, భయానికి నరకం అనే రూపాన్నిచ్చి ఉండవచ్చు, వ్యాధిని మాత్రం పుట్టించలేదు. పైగా, 1773లో ఇల్లు విడిచి గురువు నివాసానికి వచ్చి, అక్కడి నుంచి కదలనన్న కూపర్‌ను న్యూటన్ దంపతులు ఏడాదికి పైగా తమ ఇంట్లోనే ఉంచుకొని సాకారు.